కాలేయంలో తేడా, కిడ్నీలో మామూలే: చిట్టెలుకల ఎంజైమ్‌ల చిరునామా వెతకడం

ఒక చిట్టెలుక నుంచి కాలేయం, కిడ్నీ తీసి విడివిడిగా నూరారనుకుందాం. రెండు రసాల్లోనూ ఒకే ఎంజైమ్ (కణంలో రసాయన చర్యను నడిపించే ప్రోటీన్) కోసం చూశారు. కిడ్నీలో అది అన్ని చిట్టెలుకల్లో ఉన్నట్టే ఉంది. కాలేయంలో మాత్రం ఏదో తేడా. ప్రోటీన్లను పట్టీలుగా విడదీసి చూపే జెల్ మీద దాని పట్టీ పక్కకు జరిగింది, లేదా దాని మోతాదు తగ్గింది, లేదా కణంలో ఉండాల్సిన చోట అది లేదు. ఈ తేడా పిల్లలకూ లెక్క తప్పకుండా వస్తోంది కాబట్టి ఇది తిండి వల్లో, జబ్బు వల్లో వచ్చింది కాదు, జన్యువులదే పని. ఇక్కడే చిక్కు మొదలవుతుంది. కాలేయంలో ఉన్న డీఎన్ఏ, కిడ్నీలో ఉన్న డీఎన్ఏ ఒక్కటే కదా? మరి తేడా ఒకచోట కనబడి, ఇంకోచోట కనబడకపోవడం ఏమిటి?

దీనికి ఒక్క జవాబు లేదు. రెండు అవయవాల్లోనూ పైకి ఒకే ఎంజైమ్ అనిపిస్తున్నవి నిజానికి రెండు వేర్వేరు జన్యువుల నుంచి వచ్చి ఉండొచ్చు. జన్యువు ఒక్కటే అయినా, దాన్ని కాలేయంలో నడిపించే స్విచ్ వేరు, కిడ్నీలో నడిపించే స్విచ్ వేరు అయి ఉండొచ్చు. ఎంజైమ్ తయారీ ఎక్కడైనా ఒకేలా జరిగి, తయారయ్యాక దాని మీద చెయ్యి వేసే మరో ప్రోటీన్ కాలేయంలో చెడిపోయి ఉండొచ్చు. జెల్ మీద చూస్తే ఈ మూడూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. వీటిని విడదీయడానికి జన్యుశాస్త్రవేత్తలు వాడిన పద్ధతి మొదట వింటే విచిత్రంగా ఉంటుంది. వాళ్ళు ఎంజైమ్‌ని వదిలేసి, తేడా క్రోమోజోమ్ మీద ఎక్కడ కూర్చుందో వెతికారు. చిరునామా దొరికితే, పని ఎవరిదో సగం తెలిసినట్టే.

ముందు ఎంజైమ్‌ని కంటికి కనిపించేలా చేయడం గురించి. 1955లో ఆలివర్ స్మిథీస్ పిండిపదార్థంతో చేసిన జెల్‌లో ప్రోటీన్లను విద్యుత్తుతో పరుగెత్తించే పద్ధతిని ప్రచురించాడు. ప్రోటీన్ మీద ఎంత విద్యుదావేశం ఉంది, దాని పరిమాణం ఎంత అన్నదాన్నిబట్టి ఒక్కోటి ఒక్కో దూరం వెళ్ళి ఆగుతుంది. రెండేళ్ళ తర్వాత హంటర్, మార్కర్ట్ దానికి చిన్న మెలిక జోడించారు. పరుగు అయిపోయాక ఆ జెల్‌ను ఎంజైమ్ పనిచేసే పదార్థం, రంగునిచ్చే రసాయనం కలిపిన ద్రవంలో ముంచారు. ఆ ఎంజైమ్ ఉన్నచోట మాత్రమే రంగు తేలుతుంది. కాలేయం రసంలో వేల రకాల ప్రోటీన్లు ఉన్నా సరే, మనం అడిగిన ఒక్క ఎంజైమే పట్టీగా లేచి కనిపిస్తుంది. శుద్ధి చేయాల్సిన పని లేదు. చవకైన పని, ఒక్క రోజులో డజన్ల కొద్దీ ఎలుకలను చూడొచ్చు. ఇప్పటి యంత్రాలు చూసినవాళ్ళకు ఇది పాతకాలపు వంటలా అనిపించవచ్చు గానీ, ఆ వంట లేకపోతే ఈ కథ లేదు.

అలా చూస్తే బయటపడిన మొదటి ఆశ్చర్యం లాక్టేట్ డీహైడ్రోజనేజ్. ఒకే ఎలుక, ఒకే ఎంజైమ్, కానీ పట్టీలు ఐదు. పైగా గుండెలో ఒక కొసన ఉన్న పట్టీలు బలంగా ఉంటే, కాలేయంలోనూ కండరంలోనూ రెండో కొసన ఉన్నవి బలంగా ఉన్నాయి. మార్కర్ట్, మోలర్ 1959లో ఇలాంటి వాటికి ‘ఐసోజైమ్‌లు’ అని పేరు పెట్టారు. లెక్క తర్వాత తేలింది. ఈ ఎంజైమ్ నాలుగు ముక్కలు కలిసి ఏర్పడుతుంది, ముక్కలు ఎ, బి అని రెండు రకాలు. నాలుగూ ఎ, మూడు ఎ ఒక బి, ఇలా కలుపుకుంటూ పోతే వచ్చేవి సరిగ్గా ఐదు కూర్పులు. చిట్టెలుకలో ఎ ముక్క జన్యువు 7వ క్రోమోజోమ్ మీద, బి ముక్క జన్యువు 6వ దాని మీద ఉన్నాయి. గుండె బి ని ఎక్కువగా వాడుతుంది, కాలేయం ఎ ని. వృషణాల్లో సి అనే మూడో ముక్క కూడా ఉంది, దాని జన్యువు మళ్ళీ 7వ క్రోమోజోమ్ మీదే, ఎ కి పొరుగునే. కణజాలాన్నిబట్టి తేడా అనగానే మనసుకు వచ్చే సులువైన వివరణ ఇదే: ఎంజైమ్ ఒకటే పేరు, జన్యువులు వేరు.

ఈ ముక్కల లెక్క ఇంకో రకంగానూ పనికొచ్చింది. గ్లూకోజ్ ఫాస్ఫేట్ ఐసోమరేజ్ అనే ఎంజైమ్ రెండు ముక్కలు కలిసి ఏర్పడుతుంది. తల్లి నుంచి ఒక రకం, తండ్రి నుంచి ఇంకో రకం వచ్చిన ఎలుకలో రెండు కాదు, మూడు పట్టీలు కనిపిస్తాయి. నడిమిది ఒక్కో ముక్క ఒక్కో వైపు నుంచి వచ్చిన మిశ్రమ ఎంజైమ్. అది పుట్టాలంటే రెండు రకాల ముక్కలూ ఒకే కణంలో తయారవ్వాలి. 1967లో బియాట్రిస్ మింట్జ్, విల్బర్ బేకర్ ఈ చిన్న విషయాన్ని గొప్పగా వాడుకున్నారు. రెండు రకాల పిండాలను కలిపేసి పెంచిన చిట్టెలుకల్లో ఒక్కో కణం ఏదో ఒక్క రకానికే చెందుతుంది. అలాంటి ఎలుకల్లో ఇలాగే రెండు ముక్కలున్న ఐసోసిట్రేట్ డీహైడ్రోజనేజ్‌ను చూస్తే, గుండె, కాలేయం లాంటి చోట్ల మిశ్రమ పట్టీ లేదు. ఎముకలను కదిలించే కండరాల్లో మాత్రం ఉంది. అంటే ఆ కండరం పోగులు వేర్వేరు కణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఏర్పడ్డాయన్నమాట. కండరం ఎలా పుడుతుందన్న పెద్ద వాదన ఒక పట్టీ ఉందా లేదా అన్న ప్రశ్నతో తేలిపోయింది. మన దారికి ఇది కాస్త పక్కదే గానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇక మ్యాపింగ్, అంటే క్రోమోజోమ్ మీద చిరునామా వెతకడం. ఇది జరగాలంటే ముందు ప్రతి ఎలుకా జన్యుపరంగా కవల లాంటిది కావాలి. తోబుట్టువుల మధ్య సంకరం వరసగా 20 తరాలు చేస్తే ఆ వంశంలో ఎలుకలన్నీ దాదాపు ఒకే అచ్చులో పోసినట్టు తయారవుతాయి. వీటినే ఇన్‌బ్రెడ్ స్ట్రెయిన్లు అంటారు. క్లారెన్స్ లిటిల్ 1909లో డిబిఎ స్ట్రెయిన్‌తో మొదలుపెట్టాడు. 1921లో సి57బిఎల్ మొదలైంది. లిటిల్ 1929లో అమెరికాలోని బార్ హార్బర్‌లో స్థాపించిన జాక్సన్ లేబొరేటరీ ఇప్పటికీ ఈ స్ట్రెయిన్లకు పుట్టిల్లు. స్ట్రెయిన్ లోపల తేడాలు ఉండవు, స్ట్రెయిన్‌కీ స్ట్రెయిన్‌కీ మధ్య బోలెడు తేడాలు ఉంటాయి. మ్యాపింగ్‌కి కావాల్సింది సరిగ్గా ఇదే.

పద్ధతి ఇలా ఉంటుంది. తేడా ఉన్న రెండు స్ట్రెయిన్లను కలిపి, పుట్టిన పిల్లను మళ్ళీ తల్లి స్ట్రెయిన్‌తోనో, తండ్రి స్ట్రెయిన్‌తోనో కలుపుతారు. దీన్ని బ్యాక్‌క్రాస్ అంటారు. ఈ రెండో తరంలో ఒక్కో పిల్లకు ఒక్కో రకం కలగలుపు దక్కుతుంది, ఎందుకంటే అండమో, వీర్యకణమో తయారయ్యేటప్పుడు జంట క్రోమోజోములు మధ్యలో తెగి ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. ఇప్పుడు ప్రతి పిల్లలోనూ రెండు విషయాలు చూడాలి: మన ఎంజైమ్ ఏ రకం, చిరునామా ఇప్పటికే తెలిసిన ఇంకో గుర్తు ఏ రకం. రెంటికీ సంబంధం లేకపోతే సగం పిల్లల్లో అవి కలిసి, సగంలో విడిగా వస్తాయి. ఒకే క్రోమోజోమ్ మీద దగ్గరగా ఉంటే ఎక్కువసార్లు కలిసే వస్తాయి. 100 పిల్లల్లో 8 మందిలో మాత్రమే అవి విడిపోతే, ఆ రెంటికీ మధ్య దూరం దాదాపు 8 సెంటీమోర్గాన్లు. చిట్టెలుకలో ఒక సెంటీమోర్గాన్ అంటే సగటున సుమారు 20 లక్షల డీఎన్ఏ అక్షరాలు. ఇది సగటు మాత్రమే. కొన్నిచోట్ల క్రోమోజోమ్ తరచుగా తెగుతుంది, కొన్నిచోట్ల దాదాపు తెగనే తెగదు.

పాలిచ్చే జంతువుల్లో ఇలా రెండు జన్యువులు కలిసి ప్రయాణిస్తాయని మొదట చూపించిన పరిశోధన 1915లో అచ్చయింది. రాసినవాళ్ళు జె.బి.ఎస్. హాల్డేన్, ఆయన చెల్లెలు నవోమి, మిత్రుడు స్ప్రంట్. వాళ్ళు చూసింది ఎంజైమ్‌ను కాదు, చిట్టెలుకల రంగును: తెల్లటి బొచ్చునిచ్చే జన్యువు, కళ్ళను గులాబీ రంగులోకి మార్చే జన్యువు. అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది, స్ప్రంట్ అందులోనే చనిపోయాడు. ఆ రెండు జన్యువులూ 7వ క్రోమోజోమ్ మీద ఉన్నాయని ఇప్పుడు తెలుసు. హాల్డేన్ తర్వాత 1957లో భారతదేశానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు.

బ్యాక్‌క్రాస్‌కి ఒక ఇబ్బంది ఉంది. ప్రతి పిల్లా ఒక్కసారి వచ్చే ప్రాణి. దాన్ని నూరి కాలేయం చూశాక, రేపు ఇంకో ఎంజైమ్ చూడాలనిపిస్తే, మళ్ళీ మొదటి నుంచి ఎలుకలు పెంచాలి. కణజాలాల మధ్య తేడాలు వెతికేవాళ్ళకు ఇది మరీ కష్టం, ఎందుకంటే ఒకే జన్యుకూర్పును కాలేయంలో, కిడ్నీలో, వేర్వేరు వయసుల్లో, ఆడ, మగల్లో చూడాలి. డొనాల్డ్ బైలీ, బెంజమిన్ టేలర్ దీనికి చేసిన ఉపాయం నాకు ఈ కథలో అన్నిటికన్నా తెలివైన ముక్క అనిపిస్తుంది. రెండు స్ట్రెయిన్లను కలిపి, వచ్చిన రెండో తరం పిల్లలను జంటలుగా విడదీసి, ఒక్కో జంట నుంచి 20 తరాల పాటు తోబుట్టువుల సంకరం చేస్తూ పోవడం. చివరికి చేతికొచ్చేవి డజన్ల కొద్దీ కొత్త ఇన్‌బ్రెడ్ స్ట్రెయిన్లు. ఒక్కోటి పాత రెండు స్ట్రెయిన్ల ముక్కలు ఒక్కో తీరులో గడ్డకట్టినట్టు ఉంటుంది. ఆ కూర్పు ఇక మారదు. ఎన్ని ఎలుకలు కావాలంటే అన్ని పుట్టించుకోవచ్చు. సి57బిఎల్/6, డిబిఎ/2ల నుంచి టేలర్ తయారుచేసిన బిఎక్స్‌డి కుటుంబంలో మొదట 26 స్ట్రెయిన్లు ఉండేవి.

ఇక్కడ లెక్క ఎలా ఉంటుందో చూస్తే పద్ధతి బలం అర్థమవుతుంది. 26 స్ట్రెయిన్లలో మీ ఎంజైమ్ 14 చోట్ల సి57 రకం, 12 చోట్ల డిబిఎ రకం అని తేలిందనుకోండి. ఈ వరసను మునుపు ఎవరో ఏ గుర్తుకో రాసిపెట్టిన వరసతో పోల్చాలి, అంతే. ఒక గుర్తుతో 24 స్ట్రెయిన్లలో సరిపోయి, 2 స్ట్రెయిన్లలో సరిపోలేదనుకుందాం. 26లో 2 అంటే దాదాపు 7.7 శాతం. కానీ ఈ స్ట్రెయిన్లు తయారయ్యేలోపు తెగి అతుక్కోవడానికి ఎన్నో తరాల అవకాశం ఉంది కాబట్టి అసలు దూరం అంత ఉండదు. హాల్డేన్, వాడింగ్టన్ 1931లోనే రాసిన సూత్రంలో వేస్తే అది దాదాపు 2.2 సెంటీమోర్గాన్లకు తగ్గుతుంది. ఒక్క ఎలుకకీ కొత్తగా జతకట్టించనక్కర్లేదు, ఒక పట్టిక మీద వేలు పెట్టి చూసుకుంటే చాలు. ఒక ప్రయోగశాలలో పుట్టిన వరస పదేళ్ళ తర్వాత ఇంకెవరికో పనికొస్తుంది.

చేతిపనిలో జారే చోట్లు కూడా ఉన్నాయి. కాలేయం నిండా రక్తమే. కాలేయం తయారుచేసి రక్తంలోకి వదిలే ఒక ఎస్టరేజ్ (ఎస్టర్లనే రసాయనాలను విడగొట్టే రకం) ఎంజైమ్ ఏ అవయవం నూరినా పట్టీగా తేలుతుంది, దాంతో అది అన్ని కణజాలాల్లోనూ ఉందని పొరబడతాం. అందుకే రక్తనాళాల్లోకి ఉప్పునీటిలాంటి ద్రవం పంపి రక్తాన్ని కడిగేస్తారు. చాలా కాలేయ ఎంజైమ్‌లలో ఆడ, మగ తేడా ఉంటుంది, వయసు తేడా ఉంటుంది. ఇవన్నీ సరిచూసుకోకుండా స్ట్రెయిన్ తేడా అని రాసేస్తే లేని జన్యువును మ్యాప్ మీద వెతుకుతూ కూర్చోవాల్సి వస్తుంది.

ఇప్పుడు అసలు కథల్లోకి వద్దాం. బీటా గ్లూకురోనిడేజ్ అనే ఎంజైమ్ ఈ రంగంలో పాఠ్యపుస్తకం లాంటిది. కెన్నెత్ పైగెన్, ఆయన సహచరులు ఏళ్ళ తరబడి దాని వెంటపడ్డారు. సి3హెచ్ స్ట్రెయిన్‌లో దీని పని మిగతావాటిలో దాదాపు పదోవంతే. అది అన్ని కణజాలాల్లోనూ తక్కువే, మ్యాప్ చేస్తే 5వ క్రోమోజోమ్. ఎంజైమ్ జన్యువు ఉన్నదీ అక్కడే. అన్నిచోట్లా తేడా ఉంది, చిరునామా ఎంజైమ్‌దే. ఇందులో మిస్టరీ ఏమీ లేదు.

కాలేయంలో మాత్రం ఈ ఎంజైమ్‌కి ఇంకో వింత ఉంది. అది మామూలుగా ఉండాల్సింది లైసోజోముల్లో, అంటే కణంలోని చెత్తను అరిగించే సంచుల్లో. చిట్టెలుక కాలేయంలో దాని పెద్ద భాగం అక్కడికి పోకుండా, ప్రోటీన్లు తయారయ్యే పొరల్లోనే, ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలోనే చిక్కుకుని ఉంటుంది. ఇవి రెండు ఎంజైమ్‌లా, ఒకటేనా? సి3హెచ్ మార్పు రెండుచోట్లా ఒకేలా కనిపించింది కాబట్టి జన్యువు ఒక్కటే. కానీ వైబిఆర్ అనే స్ట్రెయిన్‌లో లైసోజోముల్లోని ఎంజైమ్ బాగానే ఉండి, పొరల్లో ఉండాల్సిన భాగం మాత్రం మాయమైంది. దీన్ని మ్యాప్ చేస్తే 5వ క్రోమోజోమ్ దగ్గరకి రానే రాలేదు. 8వ క్రోమోజోమ్ మీద తేలింది.

ఆ చిరునామా రెండు సంగతులు చెప్పింది. ఒకటి, తప్పు ఎంజైమ్‌ది కాదు. రెండోది, ఆ పేట ఎస్టరేజ్ జన్యువులు గుంపుగా ఉన్న పేట. గ్లూకురోనిడేజ్‌ను పట్టుకుని పొరకు కట్టిపడేసే ప్రోటీన్ ఒకటి ఉందని పైగెన్ బృందం కనిపెట్టి దానికి ఎగాసిన్ అని పేరు పెట్టింది. వైబిఆర్‌లో లేనిది అదే. ఇక ఈ ఎగాసిన్ ఏమిటని తవ్వితే, 1980ల మధ్యలో అది స్వయంగా ఒక ఎస్టరేజ్ అని తేలింది. పేట ముందే చెప్పిన మాటను రసాయనం కొన్నేళ్ళ తర్వాత ఒప్పుకుంది. ఎగాసిన్ కాలేయం లాంటి కొన్ని కణజాలాల్లోనే ఉంటుంది కాబట్టి, అది పోతే నష్టం కూడా అక్కడే కనబడుతుంది. ఎంజైమ్ అన్నిచోట్లా ఉంది, దాన్ని కట్టే తాడు కొన్నిచోట్లే ఉంది.

అదే ఎంజైమ్, మూడో కథ. చిట్టెలుకకు టెస్టోస్టెరాన్ ఇస్తే కిడ్నీలో గ్లూకురోనిడేజ్ విపరీతంగా పెరుగుతుంది, కాలేయంలో అలా పెరగదు. ఎంత పెరుగుతుందన్నది స్ట్రెయిన్‌ని బట్టి మారుతుంది. ఈసారి మ్యాప్ చేస్తే మళ్ళీ 5వ క్రోమోజోమ్, ఎంజైమ్ జన్యువుకి ఆనుకునే. దగ్గరగా ఉందంటే అది ఆ జన్యువు స్విచ్చే అయి ఉండొచ్చు, కానీ పొరుగున ఉన్న ఇంకో జన్యువు కూడా కావచ్చు కదా? దీన్ని తేల్చడానికి రెండు స్ట్రెయిన్లకీ పుట్టిన మొదటి తరం పిల్లను చూశారు. అందులో తల్లి రకం, తండ్రి రకం రెండు ఎంజైమ్‌లూ ఉంటాయి, వాటిని విడిగా గుర్తుపట్టగలరు. హార్మోన్ ఇస్తే రెండూ సమానంగా పెరిగితే, బయటి నుంచి ఏదో ప్రోటీన్ వచ్చి రెంటినీ నడిపిస్తోందన్నమాట. కానీ ఎక్కువగా స్పందించే స్ట్రెయిన్ నుంచి వచ్చిన జన్యువే ఎక్కువ ఎంజైమ్‌నిచ్చింది, పక్కనే అదే కణంలో ఉన్న రెండో ప్రతి తన పాత తీరులోనే నడిచింది. స్విచ్ తను కూర్చున్న క్రోమోజోమ్‌నే నడిపిస్తుంది, పక్కింటి దాన్ని కాదు. జన్యుశాస్త్రంలో దీన్ని ‘సిస్’ అంటారు. ఎగాసిన్ లాగా ఎక్కడి నుంచో వచ్చి పని చేసేది ‘ట్రాన్స్’. ఈ రెండు మాటలు చాలామందికి గందరగోళంగా ఉంటాయి గానీ, ఒకే ఎంజైమ్‌కి రెండూ జరిగిన ఈ ఉదాహరణ పట్టుకుంటే మళ్ళీ మర్చిపోరు.

ఒకే జన్యువుకి రెండు స్విచ్‌లు ఉండడం అమైలేజ్‌లో మరింత తేటగా కనిపిస్తుంది. పిండిపదార్థాన్ని అరిగించే ఈ ఎంజైమ్ లాలాజల గ్రంథిలో, కాలేయంలో, క్లోమంలో తయారవుతుంది. క్లోమానిది వేరే జన్యువు, 3వ క్రోమోజోమ్ మీద లాలాజలం జన్యువుకి పొరుగున ఉంది. కానీ లాలాజల గ్రంథి, కాలేయం వాడేది ఒకే జన్యువును. 1981లో షిబ్లర్, హాగెన్‌బుక్లే బృందం చూపించినదేమిటంటే, ఈ రెండు కణజాలాలూ ఆ జన్యువును వేర్వేరు చోట్ల నుంచి చదవడం మొదలుపెడతాయి. లాలాజల గ్రంథి వాడే స్విచ్ చాలా బలమైనది, కాలేయం వాడేది నీరసమైనది. తయారయ్యే ప్రోటీన్ మాత్రం ఒక్కటే. కాబట్టి కాలేయం స్విచ్‌లో మార్పు వస్తే, లాలాజలంలో ఏమీ తెలియదు. మ్యాప్ మీద ఈ రెంటినీ విడదీయడం అసాధ్యం, అంత దగ్గర. అక్కడ మ్యాపింగ్ పని అయిపోతుంది, డీఎన్ఏని నేరుగా చదవాల్సిందే.

కొన్నిసార్లు తేడా స్విచ్‌లో కాదు, జన్యువు ఉన్న క్రోమోజోమ్‌లోనే ఉంటుంది. ఫాస్ఫోగ్లిసరేట్ కైనేజ్ అందరికీ కావాల్సిన ఎంజైమ్, చక్కెర నుంచి శక్తి తీసే దారిలో తప్పనిసరి. దాని మామూలు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. వృషణాల్లో వీర్యకణాలు తయారయ్యేటప్పుడు ఎక్స్ క్రోమోజోమ్ నోరు మూసుకుంటుంది. శక్తి ఎలా మరి? వృషణాల్లో మాత్రమే పలికే రెండో రకం ఉంది, అది 17వ క్రోమోజోమ్ మీద ఉంది. మామూలు జన్యువుల్లో మధ్యమధ్యలో వచ్చే తొలగించాల్సిన భాగాలు ఈ రెండో దానిలో లేవు. అంటే ఎప్పుడో ఎక్స్ మీది జన్యువు నుంచి వచ్చిన, ఆ భాగాలు తీసేసిన ఆర్‌ఎన్ఏ (ప్రోటీన్ తయారీకి జన్యువు నుంచి తీసే నకలు) మళ్ళీ డీఎన్ఏగా మారి, ఇంకో క్రోమోజోమ్‌లో అతుక్కుందన్నమాట. ఇంటికి తాళం వేసినప్పుడు వాడుకోవడానికి పక్కవీధిలో ఉంచిన నకలు లాంటిది.

ఆ 17వ క్రోమోజోమే మరో పెద్ద తికమకకు వేదిక అయ్యింది. 1970ల చివర్లో వేర్వేరు బృందాలు ఎస్ఎం/జె స్ట్రెయిన్ కాలేయాల్లో వేర్వేరు వింతలు చూశాయి. ఒకరు యాసిడ్ ఫాస్ఫటేజ్‌లో కాలేయానికి మాత్రమే పరిమితమైన తేడా చూశారు. ఇంకొకరు ఆల్ఫా మానోసిడేజ్‌లో చూశారు. రెండూ లైసోజోముల్లో ఉండే ఎంజైమ్‌లే గానీ ఒకదానితో ఒకటికి చుట్టరికం లేదు, వాటి జన్యువులు వేర్వేరు. ఎవరి తేడాకు వాళ్ళు ఒక పేరు పెట్టుకున్నారు. మ్యాప్ చేస్తే మాత్రం రెండూ 17వ క్రోమోజోమ్ మీద ఒకే పేటలో, రోగనిరోధక జన్యువుల గుంపు అయిన హెచ్-2 దగ్గర తేలాయి. ఒక్క తేడా వస్తే యాదృచ్ఛికం అనుకోవచ్చు. సంబంధం లేని ఎంజైమ్‌లన్నీ ఒకే గుమ్మం ముందు నిలబడితే, ఆ ఇంట్లో ఎవరున్నారని అడగాల్సిందే.

తీగ లాగితే డొంకంతా కదిలింది. ఆ ఇంట్లో ఉన్నది న్యూరామినిడేజ్ అనే ఎంజైమ్ జన్యువు. దాని పని లైసోజోమ్‌లో ప్రోటీన్లకు తగిలించిన చక్కెర గొలుసుల చివరన ఉండే సియాలిక్ ఆమ్లాన్ని తుంచేయడం. ఎస్ఎం/జె కాలేయంలో ఇది బాగా తక్కువని పోటియర్, వోమాక్ బృందం 1979లో చూపించింది. తుంచేవాళ్ళు లేకపోతే సియాలిక్ ఆమ్లం మిగతా ఎంజైమ్‌ల మీద అలాగే మిగిలిపోతుంది. అది ఋణావేశం ఉన్న పదార్థం కాబట్టి, దాన్ని మోస్తున్న ఎంజైమ్ జెల్‌లో ధన ధ్రువం వైపు మరింత ముందుకు జరుగుతుంది. మనకు కనిపించింది ఫాస్ఫటేజ్ తేడా, మానోసిడేజ్ తేడా. చెడిపోయింది వాటిలో ఏదీ కాదు. రెండు పేర్లూ ఒక్క జన్యువు నీడలే. కొండను తవ్వి ఎలుకను పట్టారంటాం, ఇక్కడ ఎలుకను తవ్వి కొండను పట్టారు.

తర్వాత ఆ జన్యువును చదివినప్పుడు ఎస్ఎం/జెలో ప్రోటీన్‌లోని ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారిందనీ, దాని ఆర్‌ఎన్ఏ మోతాదు కూడా తక్కువనీ తేలింది. పూర్తిగా పోలేదు, తగ్గింది. అందుకే తేడా అవయవాన్నిబట్టి మారుతుంది. ఒకచోట మిగిలింది పనికి చాలుతుంది, కాలేయంలో చాలదు. మనుషుల్లో ఇదే జన్యువు 6వ క్రోమోజోమ్ మీద, హెచ్-2కి సమానమైన హెచ్ఎల్ఏ గుంపులోనే ఉంది. అది బాగా చెడితే సియాలిడోసిస్ అనే అరుదైన జబ్బు వస్తుంది.

ఇప్పుడు ఎవరూ పిండి జెల్‌తో మొదలుపెట్టరు. 2002 డిసెంబర్‌లో సి57బిఎల్/6 జీనోమ్ (మొత్తం డీఎన్ఏ వరస) అచ్చయ్యాక గుర్తులకు కొదవ లేదు. ఇప్పుడు వందలాది ఎలుకల కాలేయాల్లో వేలాది జన్యువుల ఆర్‌ఎన్ఏ మోతాదు ఒకేసారి కొలిచి, ప్రతి తేడాకీ చిరునామా వెతుకుతారు. అదే పాత ప్రశ్న, వేల రెట్లు పెద్దదిగా: ఈ తేడా జన్యువు సొంత ఇంటి దగ్గరే ఉందా, ఎక్కడో దూరంగా ఉందా? ఎనిమిది స్ట్రెయిన్లను కలిపి కొలాబరేటివ్ క్రాస్ అనే కుటుంబాన్ని పెంచారు, టేలర్ పాత బిఎక్స్‌డి కుటుంబాన్ని కూడా ఇంకా వాడుతున్నారు. ఒకే స్ట్రెయిన్ కాలేయం, మెదడు, కిడ్నీ, ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరుకుతాయి కదా, సిస్ తేడా ఒక కణజాలంలో ఉండి ఇంకోదానిలో లేకపోవడం ఈ కొలతల్లో తరచూ కనిపించేదే.

కానీ ఆర్‌ఎన్ఏ కొలతకు ఒక గుడ్డిచోటు ఉంది. వైబిఆర్ కాలేయాన్ని ఆ యంత్రంలో పెడితే, 5వ క్రోమోజోమ్ మీది గ్లూకురోనిడేజ్ ఆర్‌ఎన్ఏలో పొరల సంగతి ఏమీ కనబడదు. ఎస్ఎం/జెలో న్యూరామినిడేజ్ ఆర్‌ఎన్ఏ తక్కువని తెలుస్తుంది గానీ, దానివల్ల మానోసిడేజ్ మీద చక్కెర గొలుసు మారిందన్న వార్త మానోసిడేజ్ ఆర్‌ఎన్ఏలో ఎక్కడా ఉండదు. ఆ వార్త ప్రోటీన్ మీదే రాసి ఉంటుంది. దాన్ని చదవడానికి ఇప్పుడు మాస్ స్పెక్ట్రోమీటర్లు (అణువుల బరువు కొలిచే యంత్రాలు) ఉన్నాయి, అప్పట్లో జెల్ ఉండేది. ప్రోటీన్‌ను పట్టుకుని చూడడం మాత్రం తప్పలేదు.